అవతలావిడ

ఆ కొండకు రెండు వైపులు. మేఘాలు వచ్చే వైపు ఒకటి, రాని వైపు ఒకటి. వచ్చే వైపు గడ్డి నడుము దాకా పెరుగుతుంది, బండలకు సైతం పచ్చగా పాచి పడుతుంది. రాని వైపు బండలే బండలు. బండల మధ్య ముళ్ళపొదలు, పొదల మధ్య మేకలు, మేకల వెనక మనుషులు. మబ్బు కొండ నెత్తి దాకా వచ్చి, పొరుగింటివాళ్ళు ప్రహరీ మీంచి తొంగి చూసినట్టు ఇవతలికి ఒక్కసారి చూసి, 'అబ్బే, ఇక్కడేముంది' అన్నట్టు వెనక్కి తగ్గిపోతుంది.

అలా వెనక్కి తగ్గకుండా కిందికి దిగొచ్చింది తానొక్కతేనని అవతలావిడ అనేది. పెళ్ళయి పాతికేళ్ళు దాటినా ఎండవైపు ఊళ్ళో ఆవిణ్ణి ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. కొండ అవతల నుంచి వచ్చింది కాబట్టి అవతలావిడ. మొదట్లో ఎవరో వెక్కిరింతకు పెట్టిన పేరే. ఆవిడ మాత్రం దాన్ని బిరుదులా స్వీకరించి, పాతికేళ్ళుగా మెళ్ళో వేసుకుని తిరుగుతోంది.

ఆవిడ ఏం మాట్లాడినా "మా వైపు" అని మొదలయ్యేది.

"మా వైపు బావులుండవమ్మా. గుమ్మం ముందు నీళ్ళు పారుతుంటే తవ్వుకునే ఖర్మ ఎవరికి?"

"మా వైపు ఇంత దుమ్ముండదు. దుమ్మంటే ఏమిటో పెళ్ళయ్యాకే చూశాను."

"మా వైపు పశువుల మొహాల్లో కళ ఉంటుంది. మీ మేకల్ని చూడండి, ఒక్కొక్కటీ అప్పులవాడు తరుముకొస్తున్నట్టు చూస్తుంది."

వినేవాళ్ళు వినేవాళ్ళు. వినలేనివాళ్ళు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఎక్కడికీ వెళ్ళలేనిది మాత్రం ఆడపడుచు ఒక్కతే. ఆవిడ అవతలావిడ మొగుడికి అక్క. భర్త పోయాక తమ్ముడింటి పక్కనే గోడకు గోడ ఆనించి చిన్న ఇల్లు వేసుకుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరుగు మీద కూర్చుని నార పేనుతూ ఉంటుంది. నార పేనే చేతులకు నోటితో పని లేదు కనుక నోరు ఖాళీగానే ఉండేది.

"దూరపు కొండలు నునుపని ఊరికే అన్లేదే మరదలా!" అనేది ఆడపడుచు.

"దూరం ఎక్కడుంది వదినా, నెత్తిమీదే ఉందిగా కొండ! మీరు తలెత్తి చూస్తేగా."

"ఎందుకు చూడటం, మబ్బులు తొంగి చూసి నవ్వుకుంటుంటే!"

ఇక మొగుడి సంగతి. ఆయనకు ఉన్నది మేకల మంద, ఒక కర్ర, కర్రలాంటి ఒళ్ళు. తెల్లవారకుండా మేకల్ని తోలుకుని కొండెక్కితే పొద్దువాలాక దిగుతాడు. ఏమడిగినా "ఊఁ" అంటాడు. అవునన్నా ఊఁ, కాదన్నా ఊఁ. ఆ ఊఁల మధ్య తేడా పెళ్ళాం కనిపెట్టాలి. ఆవిడ ఎప్పుడూ ఆ కష్టం పడలేదు.

"ఈయన మేకల్ని కాస్తున్నాడో, అవే ఈయన్ని కాస్తున్నాయో నాకు ఇప్పటికీ తెలీదు," అని బావి దగ్గర పదిమందిలో చెప్పేది. "ఆరు మాటలు కలిపి మాట్లాడాడంటే ఆ రోజు వానొస్తుంది. అందుకే ఈ వైపు వాన లేదు."

అందరూ నవ్వేవాళ్ళు. ఆయన అక్కడే మేకలకు తొట్టిలో నీళ్ళు తోడుతూ ఉన్నా ఆవిడ గొంతు తగ్గేది కాదు.

అమ్మానాన్నలు ఉన్నన్నాళ్ళు ఏడాదికోసారి పుట్టింటికి వెళ్ళొచ్చేది. వాళ్ళు పోయాక ఇంట్లో తమ్ముడు, మరదలు మిగిలారు. బస్సు కొండ చుట్టూ తిరిగి వెళ్ళాలి, పూటంతా పడుతుంది. ఈ సాకూ ఆ సాకూ చెప్పుకుని రాకపోకలు మానేసి ఫోన్లోనే కానిచ్చేవాళ్ళు. తమ్ముడికి అక్కంటే ప్రేమే. అందుకే ఫోన్ చేసినప్పుడల్లా మొదట బావ గురించే అడిగేవాడు.

"మీ గొర్రె ఎలా ఉన్నాడక్కా?"

"గొర్రె కాదురా, మేక. గొర్రెకైనా ఒంటిమీద ఉన్ని ఉంటుంది."

ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవాళ్ళు. నవ్వీ నవ్వీ ఆవిడకు కళ్ళనీళ్ళొచ్చేవి. ఆ కళ్ళు తుడుచుకుంటూ చూస్తే, పెరట్లో కంచె కట్టుకుంటూ ఆయన కనిపించేవాడు.

ఈ మధ్య తమ్ముడు ఇంటిని బసగా మార్చాడు. పట్నం నుంచి మంచు చూడ్డానికి జనం వస్తున్నారట. గదులకు అద్దాలు పెట్టించాడు, గేటు మీద రంగుల బోర్డు ఎక్కించాడు. ఒక రోజు ఫోన్ చేసి, "అక్కా, సీజన్ మొదలైంది. ఇల్లంతా సందడి. నువ్వొచ్చి కొన్నాళ్ళుండు. నువ్వుంటేనే నిండుగా ఉంటుంది," అన్నాడు.

ఆ కబురు ఊళ్ళో తెలియనివాళ్ళు లేకుండా పోయారు. ఒకటికి రెండుసార్లు బావి దగ్గరికెళ్ళింది. బిందె నిండుగా ఉన్నా వెళ్ళింది. "మా తమ్ముడు ఒకటే గొడవ. నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదంటాడు. వెళ్ళకపోతే బాధపడతాడు మరి." ఆడపడుచు అరుగు మీంచి తల కూడా ఎత్తకుండా, "వెళ్ళిరా తల్లీ. మేమిక్కడ దుమ్ములో పడుంటాం," అంది.

బయల్దేరే రోజు మొగుడు పెట్టె మోసుకుని బస్సు దాకా వచ్చాడు. బస్సెక్కించి కిటికీ దగ్గర నిలబడి, "ఆ వైపు జారుడు. పాత బూట్లు వేసుకోవాల్సింది," అన్నాడు.

"నా పుట్టింటి దారిలో నాకే నడక నేర్పుతావా?" అందావిడ, వెనక సీట్లో వాళ్ళక్కూడా వినపడేలా.

సాయంత్రానికి తమ్ముడి గేటు ముందు బస్సు దిగింది. గేటు తోసి రెండడుగులు వేసిందో లేదో, కాలు జారి పెట్టెతో సహా కూలబడింది. మంచు ఎంత దట్టంగా ఉందంటే పడడం ఎవరూ చూడలేదు. అదొక్కటే అదృష్టం.

"అక్కా!" అంటూ తమ్ముడు ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు. ఒళ్ళు చేశాడు, జుట్టుకు రంగేశాడు. మరదలు నవ్వుతూ పెట్టె వైపు చూసి, "ఇంత పెట్టా వదినా! ఏం తెచ్చారేమిటి?" అంది. ఆ నవ్వు గెస్టుల కోసం చేయించుకున్న నవ్వని అవతలావిడకు అప్పుడు తెలియలేదు.

అమ్మ పడుకున్న గది, తాను పుట్టిన గది, ఇప్పుడు మూడో నంబరు గది. తలుపు మీద ఇత్తడి అంకె. లోపల ఎవరో దంపతులు వేడినీళ్ళు రావడం లేదని పోట్లాడుతున్నారు.

"రూములన్నీ నిండిపోయాయక్కా. ఓ రెండు రోజులు వెనకింట్లో సర్దుకో," అన్నాడు తమ్ముడు. వెనకిల్లంటే వంటగది పక్కనున్న సామాన్ల కొట్టు. ఒక మూల బియ్యం బస్తాలు, ఒక మూల గ్యాస్ సిలిండర్లు, మధ్యలో మడత మంచం. గోడకు కింద నుంచి పైదాకా నల్లగా బూజు. బూజు కూడా ఒక తీరుగా లేదు, ఎవరో పిల్లాడు బొగ్గుతో గీకినట్టుంది.

పొద్దున్నే మరదలు వచ్చి దుప్పట్ల గుట్ట చూపించింది. "వదినా, పనిమనిషి మానేసింది. ఊరికే కూర్చుంటే మీకూ తోచదు కదా!"

తోచదని ఆవిడ ఎప్పుడూ అనలేదు. అయినా పుట్టిల్లు కదా, పైట బిగించింది.

దుప్పట్లు ఉతకడం పెద్ద పని కాదు. ఆరబెట్టడమే అసలు పని. బయట తాడు మీద వేస్తే ఉతికిన నీటికన్నా మంచు నీరే ఎక్కువ పట్టేది. పెరట్లో ఒక రేకుల గదిలో ఇనప పొయ్యి వెలిగించి, చుట్టూ తాళ్ళు కట్టి, వాటి మీద వేసేవాళ్ళు. పొగకు కళ్ళు మండేవి. ఒక వైపు ఆరేసరికి రెండో వైపు మళ్ళీ చెమ్మగిల్లేది. సగం ఆరినవాటినే మరదలు పట్టుకెళ్ళి, సెంటు కొట్టి, మంచాల మీద పరిచేది. పైన పటారం, లోన లొటారం.

ఆ పొగలో నిలబడినప్పుడు ఆవిడకు ఒక్కొక్కటిగా జ్ఞాపకం రాసాగాయి. అమ్మ కూడా ఇలాగే బట్టలు పొయ్యి మీద ఆరబెట్టేది. బళ్ళో తమ వైపు పిల్లలందరి దగ్గరా పొగ వాసనే. నాన్న చలికాలమంతా దగ్గేవాడు, ఆ దగ్గుతోనే పోయాడు. కాళ్ళకు జలగలు పట్టుకుంటే తమ్ముడు ఊరంతా వినపడేలా ఏడ్చేవాడు. వారాల తరబడి ఎదురింటి మొహం కనిపించేది కాదు. ఇవన్నీ ఎలా మరిచిపోయింది? మరిచిపోలేదు. మంచివాటినే ఏరుకుని ఎండవైపుకు పట్టుకెళ్ళింది, ఎంతైనా అత్తారింటికి అందరూ అంతే పట్టుకెళ్తారు.

ఇక గెస్టులు. ఆవిడ జన్మలో అలాంటి మనుషుల్ని చూడలేదు. మంచు చూడ్డానికి అంత దూరం నుంచి వస్తారు. మంచంటే ఏమిటి? ఏమీ కనపడకపోవడం. ఏమీ కనపడకపోవడాన్ని చూడ్డానికి డబ్బిచ్చి వచ్చి, వరండాలో కుర్చీలేసుకుని, "అబ్బ, ఎంత బావుందో!" అనుకుంటారు. టోపీ పెట్టుకున్న ఒకాయన అటువైపే కెమెరా తిప్పుతూ నిలబడేవాడు. అటువైపు ఉన్నది పేడకుప్పని ఆవిడకు తెలుసు. చెప్పలేదు. తియ్యనీ అనుకుంది.

ఒక సాయంత్రం వరండాలో టీ కప్పులు తీస్తుంటే ఒక గెస్టమ్మ, "ఈవిడెవరు?" అని అడిగింది.

"మా మనిషే," అంది మరదలు. "కొండ అవతల నుంచి వచ్చింది. ఎండవైపు వాళ్ళు గట్టివాళ్ళండీ, ఎంత పనైనా చేస్తారు. అక్కడేముంది పాపం, రాళ్ళు తప్ప."

మా మనిషి. ఆ మాటకు చుట్టమనీ అర్థముంది, పనిమనిషనీ అర్థముంది. మరదలు ఏ అర్థంలో అందో గెస్టమ్మ మొహం చూస్తే తెలిసిపోయింది. పైగా అవతల నుంచి వచ్చిందట! పుట్టి, పాకి, నడక నేర్చిన వరండాలోనే తాను అవతలావిడైపోయింది. కప్పులు పట్టుకుని లోపలికి వెళ్ళింది.

ఆ రాత్రి మొగుడికి ఫోన్ చేసింది. "మహారాణిలా చూసుకుంటున్నారు. కాలు కింద పెట్టనివ్వడం లేదు."

"ఊఁ," అన్నాడాయన. తర్వాత, "దగ్గుతున్నావు," అన్నాడు.

"పుట్టింటి చలి. నీకేం తెలుస్తుంది?"

"ఊఁ."

తర్వాత కొద్దిరోజులకే ఆయన వచ్చాడు.

బస్సులో రాలేదు. మేకల దారిలో కొండెక్కి, కనుమ దాటి, ఈ వైపు దిగి వచ్చాడు. పాత గొంగడి, మోకాళ్ళ దాకా బురద, చేతిలో కర్ర. సరిగ్గా అదే సమయానికి గేటు ముందు కారాగింది. లావుపాటి పెద్దాయన ఒకడు దిగి, మెట్ల వైపు చూసి ఉసూరుమన్నాడు. వరండా మీంచి తమ్ముడు మంచులో ఒక మనిషి ఆకారం చూసి కేకేశాడు. "ఏయ్, ఆ బ్యాగులందుకో!"

ఆయన అందుకున్నాడు. రెండు చేతుల్లో రెండు బ్యాగులు, చంకలో కర్ర. పెద్దాయన వెనకే ఒక్కొక్క మెట్టూ ఎక్కాడు.

వరండా కనపడేంత దగ్గర్లో, రేకుల గది గుమ్మంలో తడి దుప్పటి పిండుతూ అవతలావిడ ఇదంతా చూసింది. ఆ నడక వంద మేకల మధ్యనైనా గుర్తుపడుతుంది. తమ్ముడు పొరబడ్డాడు, మంచు కదా, దగ్గరికొస్తే గుర్తుపడతాడు, నాలుక్కరుచుకుంటాడు అనుకుంది. దగ్గరికొచ్చాడు. తమ్ముడి మొహం మారడం ఆవిడ చూసింది. గుర్తుపట్టాడు. పెద్దాయన వైపొకసారి, బావ బురద కాళ్ళ వైపొకసారి చూశాడు. చూసి, గొంతు సవరించుకుని, "మూడో గది. లోపల పెట్టెయ్," అన్నాడు.

ఆయన లోపలికి వెళ్ళాడు.

అవతలావిడ పెరట్లోంచి వరండా మీదికి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. చేతిలో దుప్పటి అలాగే ఉంది, నీళ్ళు కారుతున్నాయి.

"ఎవర్రా వాడు?" అంది.

"అక్కా, గెస్టులున్నారు..."

"ఎవర్రా వాడు, ఇప్పుడు నీ బ్యాగులు మోసినవాడు?"

తమ్ముడు నవ్వబోయాడు. "బావే కదక్కా. ఏమనుకుంటాడు? ఊఁ అంటాడు, అంతేగా! చిన్న సాయం. అంత గొడవెందుకు?" ఆవిడ ఊరుకోకపోయేసరికి గొంతు తగ్గించి, కాస్త విసుగ్గా, "అయినా నువ్వేగా అనేదానివి. మేక అన్నది నువ్వు కాదూ? నేనింకా గొర్రె అనే అన్నాను," అన్నాడు.

తమ్ముడన్నది నిజమే. ఆయన్ని తమ్ముడి చేతికి పళ్ళెంలో పెట్టి ఇచ్చింది తానే. ఏటా కాస్త కాస్తగా, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ.

అయినా ఆవిడ తగ్గలేదు.

"అంటాను," అంది. "మేకంటాను, మొద్దంటాను, చచ్చేదాకా అంటాను. ఆయన గంజి కాచినదాన్ని, ఆయన జ్వరం చూసినదాన్ని, కనక అంటాను. నువ్వెవడివిరా అనడానికి? జలగ కరిస్తే ఊరు లేపినవాడివి! దుప్పట్లకు సెంటు కొట్టి బతికేవాడివి!"

సెంటు మాట వినగానే పెద్దాయన ముక్కు ఎగబీల్చాడు. టోపీ ఆయన కెమెరా దించాడు.

"వదినా, ఉతికేవి సగంలో వదిలేసి ఈ రభసేమిటి?" అంది మరదలు, గెస్టుల కోసం చేయించుకున్న నవ్వు ఇంకా తీసెయ్యకుండానే.

అవతలావిడ చేతిలోని దుప్పటిని చూసింది. వరండా పిట్టగోడ మీద, టీ కప్పుల మీద, అందరి ముందూ దాన్ని బారుగా పరిచింది. "ఇదిగో, ఆరబెట్టాను. ఆరాక మడతెట్టుకో."

అప్పుడే మొగుడు లోపల్నుంచి వచ్చాడు. అందరి మొహాలూ చూశాడు. "మూడో గది తలుపు బిగుసుకుంది. చెమ్మకు ఉబ్బింది. తోసి తెరిచా," అన్నాడు తమ్ముడితో.

పెట్టె ఆయనే ఎత్తుకున్నాడు. ఆ రోజుకిక బస్సు లేదు. "పైనుంచి పోదాం," అన్నాడు.

కొండెక్కుతున్నంతసేపూ ఆవిడ తిడుతూనే ఉంది. దారి జారుతోంది, మంచు కళ్ళల్లో పడుతోంది, దగ్గు వస్తోంది. ఏదీ ఆవిణ్ణి ఆపలేదు.

"సిగ్గుండక్కర్లా? ఎందుకు మోశావు?"

"ఆయనకి మోకాళ్ళ నొప్పి లాగుంది."

"ఊళ్ళో వాళ్ళందరి మోకాళ్ళూ నువ్వే మొయ్యాలా? మా తమ్ముడు నిన్ను గుర్తుపట్టాడు, తెలుసా?"

"ఊఁ."

"ఊఁ అంటే?"

"తెలుసు."

ఆవిడ ఆగిపోయింది. "తెలిసీ మోశావా?"

ఆయన కర్ర గుచ్చి, కాలు ఆనించుకుని, ఆవిడకు చెయ్యిచ్చి పైకి లాగాడు. "నీ తమ్ముడని మోశా."

"పరాయివాడైతే?"

"పరాయివాడు అట్లా చెయ్యడుగా."

ఒక మలుపు తిరిగాక ఆవిడ, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో, "ఫోన్లో నేననేవి వినేవాడివా?" అని అడిగింది.

"ఇల్లెంత, వినపడకపోవడానికి?"

"మరి ఒక్కసారైనా ఏమీ అనలేదేం?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, పెట్టె ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని మరీ. "నీ తమ్ముడు గొర్రె అన్నాడు. నువ్వు కాదు మేకన్నావు. మేకే నయం. గొర్రె ఎవడు తోలితే అటు పోతుంది."

ఆవిడకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రెంటికీ బదులు దగ్గు వచ్చి వాటి పని కూడా అదే చేసింది. ఇన్నేళ్ళూ తిట్టు అనుకుని విసిరినదాన్ని ఈ మనిషి మెచ్చుకోలనుకుని దాచుకున్నాడు. ఇంత మొద్దుని ఏం చెయ్యాలి?

కనుమ దగ్గరికొచ్చేసరికి మంచు తెగిపోయింది. కత్తితో కోసినట్టు, ఒక అడుగు ఇవతల తెల్లగా ఏమీ లేదు, ఒక అడుగు అవతల ఎండ. ఎండవైపు చూపు ఆనినంత మేరా కనిపిస్తోంది. ఎర్రమట్టి, బండలు, ఎండిన వాగు, ముళ్ళపొదలు, అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళు, వాటి మీద ఆరేసిన బట్టలు. గాలికి ఆ బట్టలు ఫెళఫెళమనడం అంత దూరం నుంచీ తెలుస్తోంది.

"ఎంత దరిద్రంగా ఉందో చూడు," అంది అవతలావిడ. అని, ఒక బండ మీద అటే తిరిగి కూర్చుంది. బండ వెచ్చగా ఉంది. తడిసిన కొంగు మోకాళ్ళ మీద పరుచుకుంది, చూస్తూండగానే అది ఆరిపోయింది. లేవబుద్ధి కాలేదు.

"ఇంతకీ నువ్వెందుకొచ్చావు?"

"మేకొకటి తప్పిపోయి ఆ వైపు దిగింది."

"మరి వెతకవేం?"

"అది నిన్ననే ఇంటికొచ్చేసింది."

ఆవిడ మొగుడి మొహంలోకి చూసింది. ఆయన ఎండిన వాగు వైపు చూస్తున్నాడు, అక్కడ చూడ్డానికేదో ఉన్నట్టు. "అబద్ధమాడ్డం కూడా చేతకాదు," అందావిడ. లేచి, ఆయన చేతిలోంచి కర్ర తీసుకుని, దిగడం మొదలుపెట్టింది.

ఊళ్ళోకి దిగేసరికి ఆడపడుచు అరుగు మీదే ఉంది. పాతికేళ్ళుగా ఎదురుచూస్తున్న పండు చెట్టు మీంచి తానే రాలిపడినట్టు మొహం వెలిగిపోయింది.

"ఏమే మరదలా! మహారాణివి, పల్లకీ ఏది? నడిచొచ్చావేం?"

అవతలావిడ దగ్గర జవాబులు సిద్ధంగానే ఉన్నాయి. బస్సు దొరకలేదనొచ్చు, కొండ గాలికని నడిచామనొచ్చు. ఆ అరుగు మీదే, ఆడపడుచు నారకట్ట పక్కకు జరిపి కూర్చుంది. "వాళ్ళ దుప్పట్లు ఉతికాను వదినా," అంది.

ఆడపడుచు చేతులు ఆగాయి. అంటే ఎన్నయినా అనొచ్చు. అరుగు మీద కూర్చుని ఇన్నేళ్ళూ పదును పెట్టుకున్న మాటలు ఒక గంపెడున్నాయి.

"నీళ్ళు వేడి పెట్టిచ్చారా?" అని అడిగింది చివరికి.

"లేదు."

"ఆ చలిలో చన్నీళ్ళా?"

"చన్నీళ్ళే. పడుకోవడం గ్యాస్ సిలిండర్ల పక్కన."

"తూ! వాళ్ళ మొహాలు మండ!" అంది ఆడపడుచు. నార పక్కన పడేసింది. "ఇంటి ఆడపిల్లని సిలిండర్ల పక్కన పడుకోబెడతారా? నీ మరదలు కూడా ఉతికిందా? ఉతకదు. దాని చేతులు నేను మీ తమ్ముడి పెళ్ళిలోనే చూశా. అప్పుడే పని ఎగ్గొట్టే చేతులు."

దీపాలు పెట్టేవేళ దాకా ఇద్దరూ ఆ అరుగు మీదే కూర్చుని పచ్చని వైపుని పీకి పందిరేశారు. వాళ్ళ మంచు, వాళ్ళ బూజు, వాళ్ళ సెంటు, కెమెరాతో పేడకుప్పను ఫొటో తీసిన టోపీ ఆయన. ఆయన దగ్గరికొచ్చేసరికి ఆడపడుచు నవ్వలేక పొట్ట పట్టుకుంది. ఒకరినొకరు తిట్టుకోవడానికి తప్ప ఆ ఇద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం ఊళ్ళో అదే మొదలు.

అలాగని ఆవిడ మారిపోయిందనుకుంటే పొరపాటు. రెండు రోజులయ్యాక బావి దగ్గర ఎవరో, "అయితే అవతలివాళ్ళంతా బూజు పట్టినవాళ్ళేనన్నమాట!" అంటే గయ్యిమని లేచింది. "మీకేం తెలుసని? చచ్చినా అంత గడ్డి మీ కొండకు మొలుస్తుందా? ఆ మాట నేననాలి. మీరెవరు?" రాళ్ళన్నా ఆవిడే అనాలి, బూజన్నా ఆవిడే అనాలి. బావి దగ్గరివాళ్ళు మొహమొహాలు చూసుకుని బిందెలెత్తుకున్నారు.

ఒక్కటి మాత్రం మారింది. మొగుణ్ణి పదిమందిలో ఏమీ అనడం మానేసింది. తిట్టాలనిపిస్తే లోపలికి పిలుస్తుంది, తలుపు వేస్తుంది, అప్పుడు తిడుతుంది. ఊరుకోలేని ఆడపడుచు గోడకు చెవి ఆనించినా సగం మాటలే వినపడేవి.

వానాకాలం ముదిరాక తమ్ముడు ఫోన్ చేశాడు. గెస్టులు రావడం మానేశారట. మరదలికి దగ్గు పట్టుకుని వదలడం లేదట. కాసేపు నసిగి, "బావగారు ఎలా ఉన్నారక్కా?" అన్నాడు.

గారు. ఉన్నారు. ఆ మర్యాద ఎక్కడ అరువు తెచ్చుకున్నాడో అనుకుంది అవతలావిడ.

"ఉన్నాడు. నువ్వే అడుగు," అని పెరట్లోకి వెళ్ళి ఫోన్ మొగుడి చెవి దగ్గర పెట్టింది. ఆయన కంచె కట్టుకుంటూనే విన్నాడు. "ఊఁ" అన్నాడు. మళ్ళీ "ఊఁ" అన్నాడు. అవతల తమ్ముడు చాలాసేపు మాట్లాడాడు. ఆఖర్న ఆయన, "ఎండ బాగానే ఉందిక్కడ. తీసుకురా, నాలుగు రోజులుంటే దగ్గు పోతుంది," అని ఫోన్ తిరిగిచ్చేశాడు.

"ఏమన్నాడు?"

"ఏదో అన్నాడు. తప్పయిందన్నట్టున్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఊఁ అన్నా."

అవతలావిడ గోడ వైపు చూసింది. అవతల నార పేనే చప్పుడు ఆగిపోయింది. మొగుడి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, తలుపు వేసి, గడియ పెట్టి, ఇంత సులువుగా వదిలేసే మొద్దుని ఈ కొండకు రెండు వైపులా వెతికినా చూడలేదని, కొంగు నడుముకు దోపుకుని, తీరిగ్గా తిట్టడం మొదలుపెట్టింది.